జారని దిమ్మ మీద ఘర్షణ ఎంత?

30 డిగ్రీల వాలు మీద 2 కిలోల చెక్క దిమ్మ కదలకుండా కూర్చుంది. దిమ్మకూ తలానికీ మధ్య స్థైతిక ఘర్షణ గుణకం 0.8. ఇప్పుడు దాని మీద పనిచేస్తున్న ఘర్షణ బలం ఎంత? ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు అలవాటైన తరహా ప్రశ్నే. పెన్ను అందుకున్నవాళ్ళలో చాలామంది మ్యూ ఇంటూ ఎన్ అని మొదలుపెట్టి, ఎన్ దగ్గర ఎంజీ కాస్ థీటా వేసి, గుణించి, 13.6 న్యూటన్లు అని తేల్చి కింద గీత గీస్తారు. గుణకారంలో తప్పేమీ ఉండదు. కానీ దిమ్మను కిందికి లాగుతున్న ఎంజీ సైన్ థీటా విలువ 9.8 న్యూటన్లే. పైకి 13.6, కిందికి 9.8 అయితే ఎవరూ ముట్టుకోకుండానే దిమ్మ వాలు ఎక్కడం మొదలుపెట్టాలి. అలా ఎక్కే దిమ్మను ఇంతవరకూ ఎవరూ చూడలేదు కనక జవాబు 9.8. ఆ 0.8 అనే అంకె చెబుతున్నది ఒక్కటే: ఈ వాలు మీద ఘర్షణ అవసరమైతే 13.6 దాకా పోగలదు. అందుకే దిమ్మ జారలేదు.

వాలుతలం, ఘర్షణల పాఠాన్ని పిల్లలు ఎలా అర్థం చేసుకుంటారన్న దాని మీద నలభై ఏళ్ళకు పైగా పరిశోధన జరుగుతోంది. దాన్నీ, మన పుస్తకాల్లో, ప్రయోగశాలల్లో, పరీక్షల్లో పాఠం నడుస్తున్న తీరునీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. వాలుతలం పాఠంలో కష్టం ఒక్క చోట లేదు. బరువును రెండు అంశాలుగా విడగొట్టడం జ్యామితికి సంబంధించిన కష్టం. స్థైతిక ఘర్షణకు ఉన్నది హద్దే తప్ప సూత్రం కాదని గ్రహించడం పూర్తిగా వేరే రకం కష్టం, అది తర్కానిది. ఘర్షణ గుణకం అనే అంకె ఎక్కణ్ణించి వచ్చింది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది మళ్ళీ వేరే ప్రశ్న. మన క్లాసుల్లో పీరియడ్లకు పీరియడ్లు మొదటిదానికే పోతాయి. మిగిలిన రెండూ తలా ఒక వాక్యంలో దాటిపోతాయి. 13.6 అని రాసినవాడికి సైన్ థీటా, కాస్ థీటా బాగానే వచ్చని గమనించండి.

చరిత్రలో కూడా వాలుతలం, ఘర్షణ చాలాకాలం వేరువేరు దారుల్లోనే నడిచాయి. 1586లో సైమన్ స్టెవిన్ వాలు మీద బరువుల సమతుల్యతను గోళాల దండతో ఊహించి చూపాడు. అందులో ఘర్షణ లేదు. గెలీలియో 1638 నాటి పుస్తకంలో చెప్పిన ప్రసిద్ధ ప్రయోగంలో వాలు కొయ్యలో నున్నటి గాడి తీసి, దానికి తోలుకాగితం అతికించి, కంచు గోళాన్ని దొర్లించాడు. ఘర్షణను వీలైనంత తప్పించడమే అక్కడి ఉద్దేశం. ఆ ప్రయోగం అసలు జరిగే ఉంటుందా అని చరిత్రకారులు అనుమానపడితే, 1961లో థామస్ సెటిల్ అదే పద్ధతిలో చేసి, గెలీలియో చెప్పినంత కచ్చితత్వం వస్తుందని చూపించాడు. తమాషా ఏమిటంటే, ఘర్షణ పూర్తిగా లేకపోతే ఆ గోళం దొర్లేదే కాదు, జారిపోయేది. దొర్లే ఘన గోళం త్వరణం జారే దిమ్మ త్వరణంలో ఏడింట ఐదు వంతులే ఉంటుంది. గెలీలియో దూరాల నిష్పత్తులు చూశాడు కాబట్టి ఈ తేడా ఆయనకు అడ్డురాలేదు. మన పుస్తకాల్లో గోళం బొమ్మ, దిమ్మ బొమ్మ ఒకే పేజీలో పడినప్పుడు మాత్రం అడ్డొస్తుంది.

ఘర్షణ వైపు కథ లియొనార్డో డావిన్చీతో మొదలవుతుంది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న ఒక చిన్న నోట్‌బుక్‌లో, 1493 నాటి పేజీలో, ఘర్షణ బరువుతో పాటు పెరుగుతుందనీ, ఆనుకున్న వైశాల్యంతో దానికి పని లేదనీ ఆయన రాసుకున్నాడు. ఆయన లెక్కలో ఘర్షణ బరువులో నాలుగో వంతు. ఆ రాతలు అచ్చు కాలేదు. 1699లో గీయోం అమొంటోన్ అవే సంగతులు మళ్ళీ కనిపెట్టి ఫ్రెంచి అకాడమీకి చెప్పాడు. ఆయన లెక్కలో అది మూడో వంతు. ఈ భిన్నాలను వాలు భాషలోకి తెస్తే పిల్లలకు వెంటనే అర్థమవుతాయి. లియొనార్డో దిమ్మ సుమారు 14 డిగ్రీల దగ్గర జారాలి, అమొంటోన్‌ది 18 దాటాక. ఇద్దరూ తమ అంకె అన్ని పదార్థాలకూ వర్తిస్తుందని నమ్మారు. ఇనుముకూ కొయ్యకూ తోలుకూ ఒకటే అంకె కుదరదని ఇవాళ పదో తరగతి పిల్లవాడు ఒక అట్ట ముక్కతో నిరూపించగలడు.

ఘర్షణను వాలు మీదికి సరిగ్గా ఎక్కించినవాడు ఆయిలర్. బెర్లిన్ అకాడమీ సంపుటంలో 1750లో అచ్చయిన ఆయన వ్యాసాల్లో ఈనాటి పాఠం దాదాపు పూర్తిగా ఉంది. జారడం మొదలయ్యే కోణం (విరామ కోణం) టాన్ విలువే ఘర్షణ గుణకం అన్న మాట ఆయనదే. ఆ గుణకానికి మ్యూ అన్న అక్షరం వాడిందీ ఆయనే. అంతకన్నా విలువైన పరిశీలన ఇంకొకటి చేశాడు. కదలని ఘర్షణా కదిలే ఘర్షణా సమానమైతే, కోణాన్ని విరామ కోణం కన్నా వెంట్రుకవాసి పెంచినప్పుడు దిమ్మ మెల్లమెల్లగా కదలాలి. నిజంగా చూస్తే ఒక్కసారి పట్టు వదిలి దబ్బున దిగిపోతుంది. కాబట్టి కదలికలోని ఘర్షణ తక్కువై ఉండాలి. ఏ పరికరమూ అక్కర్లేని ఈ వాదన క్లాసులో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అయినా మన పాఠ్యపుస్తకాలు దీన్ని వదిలేసి, రెండు గుణకాలకూ చెరొక నిర్వచనం ఇచ్చి ఊరుకోవడం నాకు ఎప్పుడూ వింతే. తర్వాత కూలూమ్ రోషఫోర్ ఓడరేవులో పెద్ద ఎత్తున ప్రయోగాలు చేసి 1781లో అకాడమీ బహుమతి గెలిచాడు. రెండు తలాలు ఎంతసేపు ఆనుకుని ఉంటే విడదీయడానికి అంత ఎక్కువ బలం కావాలని ఆయన గమనించాడు. పుస్తకాల్లో ఆయన పేరు మిగిలింది, ఈ గమనిక మిగల్లేదు.

ఇక పిల్లల వైపు. 1981లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మిషెలీన్ చీ, పాల్ ఫెల్టోవిచ్, రాబర్ట్ గ్లేసర్ చేసిన అధ్యయనం దగ్గర ఈ రంగంలో ఎవరైనా ఒకసారి ఆగాల్సిందే. హాలిడే, రెస్నిక్ పుస్తకంలోని లెక్కలను కార్డుల మీద రాసి, ఒకేలా అనిపించినవాటిని ఒక చోట పెట్టమన్నారు. కొత్తగా చదువుతున్నవాళ్ళు వాలుతలం లెక్కలన్నీ ఒక కుప్ప, స్ప్రింగు లెక్కలన్నీ ఒక కుప్ప, కప్పీ లెక్కలు ఇంకో కుప్ప వేశారు. భౌతికశాస్త్రంలో పండినవాళ్ళు బొమ్మ వైపు చూడకుండా, ఇది శక్తి నిత్యత్వం, ఇది న్యూటన్ రెండో నియమం అని విడదీశారు. ఒకే నియమం కింద ఉన్న స్ప్రింగు లెక్కా వాలు లెక్కా వాళ్ళ దగ్గర ఒకే కుప్పలో పడ్డాయి. మన కోచింగు మెటీరియల్స్‌లో "వాలుతలం నమూనాలు" అని విడిగా ఒక అధ్యాయం ఉంటుంది. కొత్తవాళ్ళు ఎక్కడ పొరబడతారో సరిగ్గా అక్కడే ఆ అధ్యాయం గీత గీసి పెడుతోంది.

అభిలంబ బలం గురించిన గొడవ ఇంకా ముందే మొదలవుతుంది. బల్ల మీద పుస్తకం ఉంటే బల్ల దాన్ని పైకి నెడుతోందంటే పిల్లలు నమ్మరు. బల్లకు ప్రాణముందా, చేతులున్నాయా? అది అడ్డంగా ఉందంతే అంటారు. సియాటిల్ దగ్గర హైస్కూలు టీచరు జిమ్ మిన్‌స్ట్రెల్ 1982లో తన తరగతి చర్చలను వివరంగా అచ్చువేశాడు. పుస్తకం ముందు చేతి మీద, తర్వాత స్ప్రింగు మీద, ఆఖరికి బల్ల మీద. చేయి అలసిపోవడం, స్ప్రింగు కుంగడం చూశాక, బల్ల కూడా కంటికి ఆననంత కుంగుతుందన్న ఆలోచనకు పిల్లలు నెమ్మదిగా వచ్చారు. జాన్ క్లెమెంట్ 1993లో ఇదే దారిని వంతెన ఉపమానాల పద్ధతిగా విస్తరించి, అభిలంబ బలంతో పాటు ఘర్షణకూ వాడాడు. ఈ మెట్టు ఎక్కకుండా వాలు మీదికి వెళ్ళిన పిల్లవాడికి ఎన్ అంటే బరువుకు ఇంకో పేరు. వాలు ఎంతున్నా ఎన్ ఈక్వల్స్ ఎంజీ అనే రాస్తాడు.

దీనికి ఒక చవకైన మందు ఉంది. వంటింటి డిజిటల్ తక్కెడను పలక మీద పెట్టి పలకను 30 డిగ్రీలకు వంచి, ఆ భంగిమలోనే రీడింగును సున్నా చేయాలి. ఒక కిలో బరువున్న పుస్తకాన్ని దాని మీద పెట్టి, జారకుండా ఒక దారాన్ని వాలుకు సమాంతరంగా పైకి కట్టి పట్టుకోవాలి. తక్కెడ 866 గ్రాములకు అటూఇటుగా చూపిస్తుంది. 60 డిగ్రీలకు వంచితే అర కిలోకి పడిపోతుంది. పుస్తకం బరువు తగ్గలేదు, తలం మీద వేసే నొక్కుడు తగ్గింది. కాస్ థీటా ఎందుకు వచ్చిందో ఇక బోర్డు మీద త్రిభుజాలు గీసి ఒప్పించాల్సిన పని ఉండదు. సైనా, కాసా అన్న తికమక వచ్చినప్పుడు కూడా రెండు త్రిభుజాల సారూప్యం కన్నా, పలకను పూర్తిగా పడుకోబెడితే ఏమవుతుందో అడగడమే మేలు. పడుకోబెట్టిన పలక మీద కిందికి లాగే అంశం సున్నా. సున్నా డిగ్రీల దగ్గర సున్నా అయ్యేది సైన్.

బొమ్మలు గీయించడం మీద పరిశోధకులు అంతా ఒకే మాట అనరు. రట్గర్స్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, స్వేచ్ఛా వస్తు పటాన్ని సరిగ్గా గీసిన విద్యార్థులకు లెక్క సరిగ్గా వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. మరుసటేడు ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి ఆండ్రూ హెక్లర్ ఇంకో సంగతి చెప్పాడు: ముందు బలాల బొమ్మ గీయమని ఆదేశిస్తే, తమ సొంత ఊహతో తేలిగ్గా సరైన జవాబుకు చేరగలిగే పిల్లలు కూడా దాన్ని వదిలేసి పుస్తకం పద్ధతిలో పడి తప్పటడుగులు వేస్తున్నారు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. ఆలోచించడానికి గీసిన బొమ్మ వేరు, మార్కు కోసం గీసిన బొమ్మ వేరు. మన జవాబు పత్రాల్లో కనిపించేది ఎక్కువగా రెండోదే. ఎంజీ, ఎన్, ఎఫ్ మూడు బాణాలూ అచ్చు గుద్దినట్టు ఉంటాయి కానీ వాటి పొడవులకూ కింద రాసిన అంకెలకూ పొంతన ఉండదు.

నా దృష్టిలో ఈ పాఠానికి గుండెకాయ ఒక గ్రాఫు. దాన్ని పిల్లల చేత చుక్క చుక్కగా పెట్టించాలి. ఒక కిలో దిమ్మ తీసుకుందాం. స్థైతిక గుణకం 0.5, గతిక (కదిలేటప్పటి) గుణకం 0.4 అనుకుందాం. పలకను సున్నా నుంచి మెల్లగా లేపుతూ ప్రతి కోణం దగ్గరా ఘర్షణ ఎంతో అడగాలి. పడుకున్న పలక మీద సున్నా. ఈ తొలి జవాబు దగ్గరే సగం క్లాసు తడబడుతుంది, ఎందుకంటే మ్యూ ఇంటూ ఎన్ అంటే 4.9 రావాలి కదా. లాగేవాడు లేనప్పుడు ఆపేవాడితో పనేమిటి? 10 డిగ్రీల దగ్గర 1.7 న్యూటన్లు, 20 దగ్గర 3.35. ఇంతవరకు గుణకం ఊసే రాలేదు, సైన్ ఒక్కటే నడిపిస్తోంది. 26.6 డిగ్రీల దగ్గర 4.38కి చేరి హద్దు తాకుతుంది. ఆ కోణం దాటగానే గీత నిట్టనిలువునా 3.5కి పడుతుంది. అక్కణ్ణించి కాస్ చేతిలోకి పోయి 40 దగ్గర 3.0, 60 దగ్గర 1.96 అవుతూ, పలక నిలువుగా లేచేసరికి సున్నాకు దిగుతుంది. ఎక్కుడు ఒక నియమానిది, దిగుడు మరో నియమానిది, మధ్యలో తెగిన గీత. ఈ గ్రాఫును సొంతంగా గీసినవాడు మొదట చెప్పిన లెక్కలో 13.6 అని రాయడు. కిందికి లాగే బలం ఎంత, హద్దు ఎంత అని ముందు రెండు అంకెలు వేసుకుని పోల్చుకుంటాడు.

ద్రవ్యరాశి కొట్టుకుపోవడం ఇంకో చిక్కు. బరువు పెరిగితే తొందరగా జారుతుందని కొందరూ, పట్టు పెరిగి అసలు జారదని కొందరూ పట్టుబడతారు. ఇద్దరి ఊహలోనూ సగం నిజముంది, రెండు సగాలూ సరిగ్గా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పార్కులో జారుడుబల్ల మీద లావుపాటి అన్నయ్యా బక్క చెల్లెలూ దాదాపు ఒకే వేగంతో దిగుతారు. తేడా వస్తే అది బట్టలది. క్లాసులో అయితే రూపాయి నాణేన్ని పలక మీద పెట్టి జారే కోణం చూసి, తర్వాత దాని నెత్తిన ఇంకో రెండు నాణేలు అతికించి మళ్ళీ చూస్తే సరిపోతుంది. కళ్ళంలో ధాన్యం రాశి కూడా ఇదే కథ చెబుతుంది. బస్తాలు కుమ్మరించేకొద్దీ రాశి ఎత్తు పెరుగుతుంది, కాళ్ళు చాపుతుంది, కానీ పక్క వాలు మారదు. తడిసిన ధాన్యమైతే ఇంకాస్త నిటారుగా నిలుస్తుంది. అయితే గింజల రాశిని చెక్క దిమ్మతో పూర్తిగా సమానం చేయకూడదు. గింజలు జారడమే కాదు, దొర్లుతాయి, ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి.

ఘర్షణ చలనాన్ని వ్యతిరేకిస్తుంది అన్న వాక్యం చిన్న తరగతుల నుంచి పిల్లల వెంట వస్తుంది. అది చేసే చేటు వాలు మీద బాగా కనిపిస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కుతున్న బస్సు వెనక చక్రాల మీద రోడ్డు ఘర్షణ ఏ వైపు? పైకి. అంటే బస్సు వెళ్ళే వైపే. ఆ ఘర్షణ లేకపోతే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. పట్టాలు తడిసినప్పుడు రైలింజను చక్రాల ముందు ఇసుక చల్లే ఏర్పాటు ఉండేది ఇందుకే. ఒకదానికొకటి ఆనుకున్న తలాలు ఎటు జారబోతాయో దానికి ఎదురుగా అని చెబితే ఈ గందరగోళం ఉండదు. వాక్యం కొంచెం పొడవు, అంతే. పరిశోధనలో పెద్ద తరగతుల విద్యార్థులు కూడా ఈ పాత వాక్యాన్నే పట్టుకు వేలాడటం కనిపించింది.

ప్రయోగశాల దగ్గర ఒక విచిత్రం. సీబీఎస్‌ఈ 11వ తరగతి ప్రాక్టికల్స్ జాబితాలో చాలా ఏళ్ళుగా రెండు ప్రయోగాలు ఉన్నాయి. ఒకటి బల్ల మీద దిమ్మను లాగి సీమాంత ఘర్షణకూ అభిలంబ బలానికీ సంబంధం చూడటం. ఇంకొకటి వాలుతలం మీద రోలరును కిందికి లాగే బలం, సైన్ థీటాతో ఎలా మారుతుందో గ్రాఫు గీయడం. మొదటిదాంట్లో ఘర్షణ ఉంది, వాలు లేదు. రెండోదాంట్లో వాలు ఉంది, ఘర్షణను తప్పించడానికే రోలరు పెట్టారు. ఈ రెండూ కలిసే చోటు కాగితం మీదే తప్ప ప్రయోగశాలలో లేదు.

కలపడానికి ఖర్చేమీ లేదు. ఒక పలక, ఒక స్కేలు, రెండు మూడు రకాల వస్తువులు చాలు. కోణమాపకం కూడా అక్కర్లేదు, లేచిన ఎత్తును అడ్డం దూరంతో భాగిస్తే నేరుగా గుణకమే వస్తుంది. ఫోను వాడాలనుకుంటే జర్మనీలో ఆకెన్ విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ యాప్ వాలును డిగ్రీల్లో చూపిస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. అసలు పాఠం మాత్రం రీడింగుల్లో ఉంది. అదే నాణెం, అదే పలక, అయినా జారే కోణం ప్రతిసారీ రెండు మూడు డిగ్రీలు అటూఇటూ అవుతుంది. పలకను కుదుపుతో లేపితే తగ్గుతుంది. చేతి జిడ్డు అంటితే మారుతుంది. చాలా క్లాసుల్లో ఈ చెల్లాచెదరును సిగ్గుపడాల్సిన విషయంలా చూసి, సగటు తీసి దాచేస్తారు. పుస్తకంలో 0.27 అని రెండు దశాంశాలతో ఉన్న అంకె ఎంత గట్టిదో పిల్లలు తెలుసుకునే ఏకైక సందర్భం అదే. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లలో ర్యాంపు మీది బలాల బాణాలు చక్కగా పెరుగుతూ తరుగుతూ కనిపిస్తాయి, అంశాల జ్యామితికి అంతకన్నా మంచి బొమ్మ దొరకదు. కానీ తెర మీది మ్యూ ఎప్పుడూ మాట తప్పదు. అందుకే దాన్ని పలకకు బదులుగా కాక పలక తర్వాత చూపించాలి.

ఘర్షణ ఎందుకు పుడుతుంది అన్న చోట మన పుస్తకాలు 18వ శతాబ్దంలోనే ఆగిపోయాయి. 8వ తరగతి పుస్తకాలు ఏళ్ళ తరబడి చెబుతున్న వివరణ: రెండు తలాల మీది ఎగుడుదిగుడులు ఒకదానిలో ఒకటి ఇరుక్కోవడం. ఆయిలర్ కూడా ఇలాగే ఊహించాడు. తలం నిండా చిన్న చిన్న వాలులు, వాటిని ఎక్కడమే ఘర్షణ, ఆ వాలు కోణం టాన్ విలువే మ్యూ. చూడటానికి చాలా ముచ్చటగా ఉంటుంది. స్కాట్లాండ్ శాస్త్రవేత్త జాన్ లెస్లీ 1804లో దీని మీద వేసిన ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. ఎగుడు ఎక్కడానికి పెట్టిన శ్రమ దిగుడులో తిరిగి రావాలి కదా, మరి నికరంగా పోయేదేముంది? తలాలను అద్దంలా నునుపు చేసుకుంటూ పోతే ఘర్షణ సున్నాకు చేరాలి. నిజానికి బాగా శుభ్రం చేసి నునుపు చేసిన లోహాలు శూన్యంలో ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

కేంబ్రిడ్జిలో ఫ్రాంక్ బౌడెన్, డేవిడ్ టేబర్ చేసిన పని, 1950లో వచ్చిన వాళ్ళ పుస్తకం ఈ బొమ్మను మార్చేశాయి. రెండు తలాలు పైకి ఎంత ఆనుకున్నట్టు కనిపించినా నిజంగా తాకేది కొన్ని కొసల దగ్గరే. ఆ అసలు వైశాల్యం చాలా చిన్నది. బరువు పెంచితే కొసలు నలిగి అసలు వైశాల్యం పెరుగుతుంది, దాంతో పాటే ఘర్షణా పెరుగుతుంది. ఘర్షణ వైశాల్యం మీద ఆధారపడదన్న లియొనార్డో మాటలోని విడ్డూరం ఇక్కడ విడిపోతుంది. కంటికి కనిపించే వైశాల్యంతో దానికి పని లేదు, అసలు వైశాల్యంతో చాలా పని ఉంది. ఎక్కువసేపు ఆనుకుని ఉన్నవి గట్టిగా పట్టుకుంటాయన్న కూలూమ్ గమనికకూ ఇక్కడ చోటు దొరుకుతుంది, ఎందుకంటే కాలం గడిచేకొద్దీ కొసలు ఇంకాస్త నలుగుతాయి. ఇటలీలో పావియా విశ్వవిద్యాలయం బృందం, ఉగో బెస్సోన్ తదితరులు, 2007లో ప్రచురించిన బోధనాక్రమం ఈ చిత్రాన్నే స్కూలు స్థాయికి తెచ్చింది. మొదట రకరకాల ఘర్షణల ప్రయోగాలు, తర్వాత నమూనాలు, చివరికి ఏ నమూనా ఎక్కడ పనిచేయదో చర్చ. మనకు అంత సమయం ఎక్కడిదని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయినా ఇరుక్కోవడం అన్న ఒక్క వాక్యం తీసి అసలు తాకేది కొద్ది చోట్లే అన్న వాక్యం పెట్టడానికి అదనంగా పీరియడ్ అక్కర్లేదు.

శక్తి లెక్కల్లో ఇంకో మడత ఉంది. జారే దిమ్మ మీద ఘర్షణ చేసిన పని, బలం ఇంటూ దూరం అని రాసేస్తాం. షేర్‌వుడ్, బెర్నార్డ్ 1984లో దీని మీద హెచ్చరించారు. తాకే కొసలు వంగుతాయి, కదులుతాయి, అవి కదిలిన దూరం దిమ్మ కదిలిన దూరం కాదు, పుట్టిన వేడి దిమ్మకెంత పోయింది, పలకకెంత పోయింది అన్నది వేరే లెక్క. ఇంటర్ స్థాయిలో దీన్ని పూర్తిగా విప్పాలని నేను అనను. పోయిన యాంత్రిక శక్తి అంటే చాలు, ఘర్షణ చేసిన పని అనకుండా ఉంటే మరీ మంచిది.

రోజువారీ లెక్కలు క్లాసులోకి రావడం మరీ తక్కువ. ప్రభుత్వ భవనాల ముందు, పోలింగ్ కేంద్రాల దగ్గర చక్రాల కుర్చీ కోసం వేసే ర్యాంపుకు ఒకటికి పన్నెండు వాలు అని నిబంధన ఉంది, అంటే 5 డిగ్రీల కన్నా కొంచెం తక్కువ. మనిషీ కుర్చీ కలిపి 100 కిలోలైతే నిదానంగా పైకి నెట్టడానికి సుమారు 81 న్యూటన్లు చాలు, అదే బరువును ఎత్తాలంటే 980. కానీ బైకును అరుగు మీదికి ఎక్కించడానికి ఇళ్ళ ముందు పోసే సిమెంటు వాలు దీనికి రెండు మూడింతలు నిటారుగా ఉంటుంది. వర్షాకాలంలో దాని మీద పాచి పట్టాక స్థైతిక గుణకం ఎంతకు పడిపోతుందో, ఏ కోణం దగ్గర కాలు జారుతుందో లెక్కవేయమంటే, అది దిమ్మ లెక్క కన్నా పిల్లలకు ఎక్కువ పట్టవచ్చు.

చివరికి అన్నీ పరీక్ష దగ్గరికే వస్తాయి. ఎంసెట్ రోజుల నుంచీ తిరుగుతున్న ఒక లెక్క ఉంది: 45 డిగ్రీల వాలు మీద గరుకు తలంపై జారడానికి పట్టే కాలం, నునుపు తలంపై పట్టే కాలానికి ఎన్ రెట్లైతే గుణకమెంత? ఒకటి మైనస్ ఒకటి బై ఎన్ స్క్వేర్ అని కంఠతా వచ్చినవాడు పది సెకన్లలో గుర్తుపెట్టి ముందుకు పోతాడు. ఆ గుణకం గతికమా స్థైతికమా అని ప్రశ్న చెప్పదు, వాడూ అడగడు. బోర్డు పరీక్షల్లో అడిగేది ఎక్కువగా ఉత్పాదన: గరుకు వాలు మీద త్వరణానికి సమీకరణం రాబట్టుము. దిమ్మ అసలు కదులుతుందా లేదా అన్న ప్రశ్న ఆ ఉత్పాదనలో ఎక్కడా రాదు. కదులుతుందనే మొదలవుతుంది.

వస్తునిష్ఠ ప్రశ్నలతో ఈ అవగాహనను పరీక్షించడం సాధ్యం కాదన్న మాట నేను ఒప్పుకోను. 2010 ఐఐటీ జేఈఈలో ఒక ప్రశ్న ఇచ్చారు. వాలు విరామ కోణం కన్నా ఎక్కువ, వాలుకు సమాంతరంగా పి అనే బలంతో దిమ్మను కదలకుండా పట్టుకున్నారు. పి ని కనీస విలువ నుంచి గరిష్ఠ విలువ దాకా పెంచుతూ పోతే ఘర్షణ ఎలా మారుతుంది, నాలుగు గ్రాఫుల్లో ఏది? మ్యూ ఇంటూ ఎన్ అనుకునేవాడికి ఘర్షణ మారనే మారదు. సరైన జవాబు కిందికి వాలిన సరళరేఖ. మొదట ఘర్షణ పూర్తి బలంతో పైకి పట్టుకుంటుంది, పి పెరిగేకొద్దీ సడలుతుంది, పి విలువ ఎంజీ సైన్ థీటాకు సమానమైన చోట సున్నా అవుతుంది, ఆ తర్వాత దిశ మార్చుకుని కిందికి లాగడం మొదలుపెడుతుంది. దిమ్మ ఈ మొత్తం సమయంలో ఒక్క మిల్లీమీటరు కూడా కదల్లేదు. ఇలాంటి ప్రశ్న బోర్డు పరీక్షలోకి రావడానికి సిలబస్ మార్చనక్కర్లేదు, ఉత్పాదన అడిగే చోట గ్రాఫు అడిగితే చాలు.